లాప్‌టాప్ పంకా: చల్లదనము, నిశ్శబ్దము
(సంఘ వారసమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ వారము ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, ఇంటింట ప్రతిదినము వినవచ్చు ఒక రొదను గూర్చి మాటలాడెదనని చెప్పితిని. అది లాప్‌టాప్ లోపలి పంకా చేయు రొద. ఇంత చిన్న విషయమునకు సభ యెందుకని కొందఱు నవ్వవచ్చును. కాని మన ఇండ్ల సంగతి మనకు తెలియనిది కాదు. తెలంగాణమునుండి మన పెద్దలు వచ్చి, మగ్గమును నమ్ముకొని స్థిరపడిన ఈ షోలాపురమున, మన కుటుంబములలో పెక్కింటికి ఉన్నది ఒక పెద్ద గది, ఒక వంటగది. ఆ గదిలోనే తాతగారు నిద్రింపవలెను, మనుమరాలు పరీక్షకు చదువవలెను, ఇంటి యజమాని ఆనాటి జి.ఎస్.టి. బిల్లులు వ్రాయవలెను. వీరందఱికిని లాప్‌టాప్ ఒక్కటే. రాత్రి పది గంటలు దాటిన పిమ్మట దాని పంకా ఈల వేయ నారంభించినచో, "ఇక చాలించవే తల్లీ" అని తాతగారు అనక మానరు. ఆ పిల్ల యంత్రమును మూసి పడుకొనును. ఆ రాత్రి చదువు అంతటితో ఆగిపోవును.

దీనికి విరుగుడుగా కొందఱు యువకులు ఏదో ప్రోగ్రామును తెచ్చి పంకాను ఆపివేయుచున్నారు. మఱికొందఱు, యంత్రము చెడిపోవునేమో యను భయముతో పంకాను ఎల్లప్పుడును పూర్తి వేగముతో త్రిప్పుచున్నారు. మొదటివారు నలుబది యేబది వేల రూపాయల వస్తువును వేడికి అప్పగించుచున్నారు. రెండవవారు ఇంటిల్లిపాది నిద్రను అప్పగించుచున్నారు. ఈ రెంటి నడుమ మంచి త్రోవ యొకటి కలదు. దానిని విశదముగా చెప్పుటయే ఈనాటి నా పని.

నేను నూలు వర్తకుడను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవాడను. ఇంజనీరును కాను. అయినను ఏ యంత్రమును కొన్నను అది తినునదెంత, ఇచ్చునదెంత అని లెక్క చూచుట వర్తకునకు అలవాటు. ఆ దృష్టితోనే ఈ సంగతులు నేర్చితిని, ఆ దృష్టితోనే చెప్పెదను.

వేడి ఎచ్చటినుండి వచ్చును?

లాప్‌టాపులో ప్రాసెసర్ అను ముఖ్యాంగము కలదు. లోపలి లెక్కలన్నియు చేయునది అదియే. దాని అసలు పలక బొటనవ్రేలి గోరుకంటె ఏమంత పెద్దది కాదు. పలుచని లాప్‌టాపులలో ఇది సాధారణముగా 15 వాట్ల విద్యుత్తును వాడుకొనునట్లు తయారుచేయబడి యుండును. పెద్ద ఆటలకు, చలనచిత్రముల కూర్పునకు ఉద్దేశింపబడిన యంత్రములలో 45 వాట్లు, అంతకు మించియు ఉండును. పని ఒక్కసారిగా మీద పడినప్పుడు, కొద్ది సేపు ఈ సంఖ్యకు రెండు మూడు రెట్లు కూడ వాడుకొనును. ఇట్లు వాడుకొన్న విద్యుత్తు దాదాపు అంతయు వేడిగా మాఱిపోవును. పూర్వము మన ఇండ్లలో వెలిగించిన 40 వాట్ల బల్బును చేతితో ముట్టుకొనలేకపోయెడివారము. అంతటి వేడి గోరంత చోట పుట్టినచో ఎట్లుండునో యూహింపుడు.

ఆ వేడిని బయటికి కొనిపోవుటకు రాగితో చేసిన ఒక చిన్న గొట్టము కలదు. దానిలోని గాలిని తీసివేసి, కొద్దిపాటి నీటిని పోసి మూసివేయుదురు. గాలి లేనందున ఆ నీరు తక్కువ వేడికే ఆవిరియగును. ఆవిరి గొట్టము రెండవ కొనకు పోయి, అచ్చట చల్లబడి మరల నీరగును. గొట్టము లోపలి గోడ దీపపు వత్తివలె ఆ నీటిని పీల్చి వెనుకకు చేర్చును. వేడి దిగిన ఆ రెండవ కొనకు దువ్వెన పండ్లవంటి సన్నని లోహపు రేకులు అతికి యుండును. పంకా ఆ రేకుల నడుమనుండి గాలిని తోలి, వేడిని ప్రక్కనున్న సందులగుండ బయటికి వెడలించును. పంకా నేరుగ ప్రాసెసరును విసరదు. ఆ రేకులను విసరును. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

వేగమునకు, రొదకు గల లెక్క

లాప్‌టాప్ పంకా సాధారణముగా నిముషమునకు 2,000 మొదలుకొని 5,000 చుట్ల వఱకు తిరుగును. వేగము ఎంత పెరిగిన గాలి అంత పెరుగును. ఇది నేరు లెక్క. కాని పంకా త్రాగు విద్యుత్తు అట్లు పెరుగదు. వేగము రెండింతలైనచో గాలి రెండింతలు, విద్యుత్తు ఎనిమిదింతలు అగును. రొద కూడ సుమారు 15 డెసిబెల్స్ పెరుగును. పది డెసిబెల్స్ పెరిగినచో మన చెవికి రొద రెండింతలైనట్లు తోచునని శబ్దశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నడిరేయి నిశ్శబ్దముగానున్న గదిలో శబ్దము సుమారు 30 డెసిబెల్స్, ఇద్దఱు మాటలాడుకొనుట సుమారు 60 డెసిబెల్స్ ఉండును. పగలు ఎవరికిని వినబడని పంకా రాత్రి అందఱికిని వినబడుటకు కారణమిదియే.

ఇప్పుడు వర్తకుని లెక్క వేయుదము. నిముషమునకు 4,000 చుట్లు తిరుగు పంకాను 3,200కు తగ్గించితిమి. గాలి నూటికి ఎనుబది పాళ్లు మిగిలినది. రొద సుమారు 5 డెసిబెల్స్ తగ్గినది. పంకా వాడు విద్యుత్తు సగమైనది. నూటికి ఇరువది పాళ్ల గాలిని వదలుకొని ఇంత ప్రశాంతత కొనుట లాభసాటి బేరమే. అయితే 1,500 దగ్గఱనున్న పంకాను ఇంకను తగ్గించి ఆపివేసినచో, రొద విషయమున కలుగు లాభము అత్యల్పము. అప్పటికే అది వినబడీ వినబడకుండ నుండును. కాని వేడి విషయమున నష్టము చాల యెక్కువ. కావున కోయవలసినది పైభాగమును. క్రింది భాగమును కాదు. మెల్లగా ఎల్లప్పుడును తిరుగు పంకా, ఆగి ఆగి హఠాత్తుగా అఱచు పంకాకంటె మేలు. నిద్రించువానిని లేపునది నిలుకడగానున్న శబ్దము కాదు, ఉన్నట్లుండి మాఱు శబ్దము.

పంకాను నడుపువాడెవడు?

సాధారణముగా లాప్‌టాపులలో, ప్రాసెసరునకు వేఱుగా, ఎంబెడెడ్ కంట్రోలర్ అను చిన్న అధికారి యొకడు ఉండును. వానియొద్ద తయారీదారులు వ్రాసియిచ్చిన ఒక పట్టిక కలదు. ఇన్ని డిగ్రీల వేడికి ఇంత వేగము అని అందు మెట్లు మెట్లుగా వ్రాసియుండును. పంకా వేగమును మన యిష్టానుసారము దిద్దుకొనుట యనగా ఈ పట్టికను మార్చుట, లేదా దానిని ప్రక్కకు పెట్టి మన పట్టికను నడుపుట. అంతే, వేఱు మాయ లేదు.

తయారీదారుల పట్టిక లోకమునందలి అన్ని చోట్లకును ఒక్కటే. అది చలిదేశపు గదికిని, వైశాఖమాసపు షోలాపురమునకును సరిపోవునట్లు వ్రాయబడినది. మనమో మన గది నెఱిగినవారము. గదిలోని గాలి ఎన్ని డిగ్రీలు హెచ్చిన, అదే పనికి, అదే పంకా వేగమునకు ప్రాసెసర్ వేడియు ఇంచుమించు అన్ని డిగ్రీలు హెచ్చును. మార్గశిరమాసపు వేకువను 18 డిగ్రీలలో నెమ్మదిగా నడచిన యంత్రము, మే నెల మధ్యాహ్నమున 40 డిగ్రీలలో 22 డిగ్రీల అదనపు భారముతో పని చేయవలెను. కావున చలికాలమున దిద్దిన పట్టికను ఎండకాలమున మరల పరీక్షింపక వాడరాదు.

పట్టికకు ముందు చేయవలసిన పనులు

రొద చేయునది పంకాయే గాని, చేయించునది వేడి. వేడిని తగ్గింపక పంకాను మాత్రము గద్దించుట, ఆకలిగొన్న బిడ్డను ఏడువవద్దని కసరుటవంటిది. కావున ఈ క్రమమును పాటింపుడు.

మొదటిది, యంత్రమును ఉంచు చోటు. పరుపుపైన, దిండుపైన, మన ఊరి దుప్పటిపైన ఉంచినచో క్రింది సందులు మూసికొనిపోవును. చదునైన బల్లపై నుంచి, వెనుక అంచు క్రింద వ్రేలెడు మందము గల రెండు కఱ్రముక్కలు పెట్టుడు. ఖర్చు లేని ఈ చిన్న పనితో పెక్కు యంత్రములు కొన్ని డిగ్రీలు చల్లబడును.

రెండవది, శుభ్రత. ఇది మనకు మఱింత ముఖ్యము. మగ్గము లున్న ఇంటను, నూలు కొట్టునందును గాలిలో దూది నూగు తేలుచుండును. అది పంకాగుండ లోపలికి పోయి, నేను చెప్పిన రేకుల ముందు కంబళివలె అట్టకట్టును. అప్పుడు పంకా ఎంత తిరిగినను గాలి బయటికి రాదు, వేడి తగ్గదు, వేడి తగ్గలేదని పంకా ఇంకను తిరుగును. బయట రొద హెచ్చి, సందులనుండి వచ్చు గాలి తగ్గినచో నూగు చేరినదని అనుమానింపవలెను. యంత్రమును పూర్తిగా ఆపి, ఛార్జరు తీసివేసి, పని తెలిసినవారిచేత అడుగు మూత విప్పించి శుభ్రము చేయింపుడు. గాలి కొట్టునప్పుడు పంకా రెక్కలను పుల్లతో అదిమి పట్టవలెను. లేనిచో గాలి ధాటికి అది మితిమీరిన వేగముతో తిరిగి చెడిపోవచ్చును. మగ్గము లున్న ఇంట ఆఱు నెలల కొకసారి ఈ పని జరిగినచో మంచిది. కొన్నేండ్లు గడచిన యంత్రములో ప్రాసెసరునకును రాగిపలకకును నడుమ పూసిన థర్మల్ పేస్టు ఎండిపోవును. మూత విప్పినప్పుడే దానినిగూడ మార్పించుట ఉత్తమము.

మూడవది, పని భారమును తగ్గించుట. విండోస్ పద్ధతిపై నడచు యంత్రములలో సెట్టింగ్స్ లోనికి పోయి, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ అను చోట్ల చూచినచో పవర్ మోడ్ అనునది కనబడును. అందు బెస్ట్ పర్ఫార్మెన్స్ బదులు బ్యాలెన్స్‌డ్ గాని, బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ గాని ఎన్నుకొనుడు. పాత కంట్రోల్ ప్యానెలులోని పవర్ ఆప్షన్స్ నందు మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అను గడి కూడ పెక్కు యంత్రములలో ఉండును. అందు 100 బదులు 99 అని వ్రాసినచో, సాధారణముగా ప్రాసెసర్ తన ఉఱుకు వేగమును, అనగా టర్బో అనుదానిని, వాడుట మానుకొనును. బిల్లులు వ్రాయుటకు, పాఠము వినుటకు, ఉత్తరము టైపు చేయుటకు ఆ ఉఱుకు అక్కఱలేదు. వేడి మాత్రము గణనీయముగా తగ్గును. చాల ఇండ్లలో ఈ మూడు పనులతోనే రొద సమస్య తీరిపోవును.

పట్టికను దిద్దు విధము

అప్పటికిని తీరనిచో, మొదట తయారీదారులే ఇచ్చిన సదుపాయములను చూడుడు. డెల్ యంత్రములలో వారి ప్రోగ్రామునందు కూల్, క్వైట్ మొదలైన రీతులు కలవు. లెనోవో యంత్రములు కొన్నింటిలో ఎఫ్‌ఎన్ మీటను పట్టి క్యూ మీటను నొక్కినచో రీతి మాఱును. ఆసుస్ యంత్రములు కొన్నింటిలో ఎఫ్‌ఎన్‌తో ఎఫ్5 మీట ఆ పని చేయును. హెచ్‌పీ యంత్రములు కొన్నింటిలో, యంత్రము లేచునప్పుడు కనబడు బయాస్ పట్టికలో, ఛార్జరు తగిలించియున్నంతసేపు పంకా తిరుగుచునే యుండవలెనా యను ప్రశ్న యొకటి ఉండును, దానిని తీసివేయవచ్చును. ఇవి తయారీదారుల ఏర్పాట్లు గావున అపాయము తక్కువ.

ఇంకను సొంత పట్టికయే కావలెనన్నచో వేఱు ప్రోగ్రాములు కలవు. నోట్‌బుక్ ఫ్యాన్‌కంట్రోల్ అనునది పలు కంపెనీల యంత్రములకు పనికివచ్చును. థింక్‌ప్యాడ్ యంత్రములకు విండోస్‌లో టీపీఫ్యాన్‌కంట్రోల్, లినక్స్‌లో థింక్‌ఫ్యాన్ అనునవి కలవు. ఆపిల్ యంత్రములకు మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్ కలదు. అయితే ఇవి ప్రతి నమూనాకు సరిపోవు. మీ యంత్రపు నమూనా పేరు ఆ ప్రోగ్రాము జాబితాలో లేనిచో వాడకుడు. వేఱొక నమూనా పట్టికను తెచ్చి అతికించుట, ఒకరి కొలతకు కుట్టిన చొక్కాను మఱొకరికి తొడుగుటకంటె హానికరము.

ఉదాహరణకు ఒక పట్టిక చెప్పెదను. 50 డిగ్రీల లోపల పంకా కనిష్ఠ వేగమున తిరుగవలెను. 50 దాటినప్పుడు నూటికి 30 పాళ్ల వేగము. 65 దాటినప్పుడు 50 పాళ్లు. 75 దాటినప్పుడు 75 పాళ్లు. 85 దాటినప్పుడు సంపూర్ణ వేగము. ఇందు ఒక సూక్ష్మము కలదు. 65 వద్ద పెరిగిన వేగము 64కు దిగగానే తగ్గినచో, పంకా నిముషమునకు పదిసార్లు హెచ్చుచు తగ్గుచు విసిగించును. కావున పెరుగు మెట్టునకును తగ్గు మెట్టునకును నడుమ ఐదునుండి ఎనిమిది డిగ్రీల యెడము ఉంచవలెను. 65 వద్ద పెరిగినది 58కి దిగిన తరువాతనే తగ్గవలెను. నా అనుభవమున, ఇంటివారికి వినబడు తేడాలో పెద్ద పాలు ఈ యెడము వలననే కలుగును.

పట్టిక దిద్దిన పిమ్మట గంటసేపు మీ మామూలు పనిని చేయుచు, వేడిని చూపు ప్రోగ్రామును తెఱచి యుంచుడు. బిల్లులు, పాఠముల వంటి పనికి 70 లోపల నిలిచినచో మంచిది. పెద్ద పనికి 80 దాటినను భయము లేదు. 90 దాటి అచ్చటనే నిలిచినచో పట్టికలోని పై మెట్లను మరల పెంచవలెను.

చేయరాని పనులు

మొదటిది, పై మెట్టును ఎన్నడును కోయరాదు. 85 దాటిన తరువాత పంకా అఱచినచో అఱవనిండు. అప్పుడది తన ధర్మమును తాను నెరవేర్చుచున్నది. ఇంటెల్ వారి లాప్‌టాప్ ప్రాసెసర్లు పెక్కింటికి 100 డిగ్రీలు హద్దు. ఆ హద్దు దగ్గఱకు వచ్చినప్పుడు ప్రాసెసర్ తనంతట తానే వేగము తగ్గించుకొనును. అదియు చాలనిచో యంత్రము ఆగిపోవును. కావున ఒక్కరోజులో కాలిపోదు. కాని పని మందగించును. "కొన్నప్పటి చురుకు లేదు, క్రొత్తది కొనవలెను" అని యనుకొనువారిలో కొందఱి యంత్రములకు కావలసినది క్రొత్త యంత్రము కాదు, తగినంత గాలి. ఏండ్ల తరబడి అట్టి వేడిలో నున్నచో ప్రక్కనున్న బ్యాటరీ ఆయువు కూడ తఱుగును.

రెండవది, పంకాను ఒకే తక్కువ వేగమున బిగించి వదలిపెట్టరాదు. పట్టిక వేఱు, బిగింపు వేఱు. పట్టిక వేడిని చూచి మాఱును. బిగింపునకు కన్నులు లేవు.

మూడవది, రెండు ప్రోగ్రాములను ఒకేసారి పంకాపై అధికారులుగా నియమింపరాదు. ఒకడు హెచ్చింపుమనును, ఒకడు తగ్గింపుమనును.

నాల్గవది, మన ప్రోగ్రాము నడుమ ఆగిపోయినచో ఏమగునో ముందే తెలిసికొనవలెను. లినక్స్‌లో థింక్‌ప్యాడ్ పంకాకు ఒక మంచి కావలి ఏర్పాటు కలదు. మనము నిర్ణయించిన గడువులోపల, అది 120 సెకండ్లకు మించదు, క్రొత్త ఆజ్ఞ రానిచో పంకా అధికారము మరల యంత్రమునకే చేరును. ఇట్టి కావలి లేని ప్రోగ్రామును వాడునప్పుడు, యంత్రమును నిద్రపుచ్చి లేపిన ప్రతిసారియు పంకా తిరుగుచున్నదో లేదో చూచుకొనవలెను.

ఏ ఇంటికి ఏ పట్టిక?

మగ్గము లాడుచున్న ఇంట పగటివేళ పంకా రొద ఎవరికిని వినబడదు. అచ్చట నూగే శత్రువు. కావున పంకాను ధారాళముగా తిరుగనిచ్చి, శుభ్రతపై దృష్టి పెట్టవలెను. కొట్టులో బజారు సందడి ఉండును; అచ్చట తయారీదారుల పట్టికయే చాలును. రాత్రి చదువు సాగు ఇంట మాత్రము నెమ్మది పట్టికయు, టర్బో లేని నడకయు కావలెను. అదే యంత్రము పగలు కొట్టులోను, రాత్రి ఇంటను వాడబడినచో రెండు పట్టికలు వ్రాసి పెట్టుకొని వేళను బట్టి మార్చుకొనవచ్చును. క్రొత్తది కొనువారికి ఒక మాట. అసలు పంకాయే లేని లాప్‌టాపులును కలవు. 2020లో వచ్చిన ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్ అట్టిది. వానికి రొద ఉండదు. కాని పెద్ద పని ఎడతెగక సాగినచో వేడి తగ్గించుకొనుటకు అవి వేగమునే తగ్గించుకొనును. చదువునకు, వ్రాతకు అవి చాలును.

సోదరులారా, ఈ పట్టికలన్నియు ఆంగ్లమున ఉండును. ఇంటిలో వాటిని చదువగలవాడు తఱచు పదునైదేండ్ల కుఱ్రవాడే. రొద వలన బాధపడువారు అతని తాతయు నాయనమ్మయు. వాడు ఏ బడిలో ఏ భాషలో చదువుచున్నను, ఈ పంకా ఎందులకు తిరుగుచున్నదో, ఎందులకు ఆపరాదో నాయనమ్మకు మన ఇంటి తెలుగులో చెప్పవలెను. నాయనమ్మయు తనకు నిద్రపట్టు వేళను వానికి చెప్పవలెను. కారణము తెలిసినచో ఆ కొద్దిపాటి చప్పుడును ఓర్చుకొనుట ఆమెకు కష్టము కాదు. ఆమె వేళ తెలిసినచో బరువైన పనిని తొమ్మిది గంటలకు ముందే ముగించుట వానికిని కష్టము కాదు.

కార్యవర్గమువారికి ఒక మనవి. మన యువకులలో ఈ పని క్షుణ్ణముగా తెలిసినవారు నలుగురైదుగురు కలరు. ఎండకాలము ముదురక ముందే, ఒక ఆదివారమునాడు పఠనమందిరమున బల్ల వేసి, సభ్యుల యంత్రముల నూగు తీసి, అవసరమైనవారికి పట్టిక దిద్దిపెట్టు ఏర్పాటు చేయుదురని కోరుచున్నాను. థర్మల్ పేస్టునకును, గాలి డబ్బాలకును అగు ఖర్చును నేను భరించెదను.

సందేహములున్నవారు ఇప్పుడే అడుగవచ్చును.